2006 కొరోలా ముందు స్ట్రట్‌ల మార్పిడి: ఎడమవైపు రెండుసార్లు విప్పిన డైరీ

స్ట్రట్ అంటే కుదుపులను మింగే షాక్ అబ్సార్బరు గొట్టం, దాని చుట్టూ స్ప్రింగు ఉంటుంది. బండి 2006 నాటి టొయోటా కొరోలా, 1.8 లీటర్ల పెట్రోలు ఇంజను, మీటరు మీద 1,62,400 కిలోమీటర్లు. మొదటి నాలుగేళ్ళు మచిలీపట్నంలో తిరిగింది, ఆ తరువాత నుంచి విజయవాడలోనే ఉంది. ఆ నాలుగేళ్ళ ఉప్పుగాలి ఈ పనిలో ఎన్ని గంటలు మింగిందో కింద కనిపిస్తుంది. పని అంతా ఇంటి ముందున్న సిమెంటు చప్టా మీద, జాకీతోను, చేతి పనిముట్లతోను జరిగింది. లిఫ్టు గాని గాలి గన్ను గాని లేవు. ఎడమ, కుడి అని రాసిన ప్రతిచోటా డ్రైవరు సీటులో కూర్చున్నవారి ఎడమ, కుడి అని గ్రహించాలి.

దశ 1: విప్పకముందు తీసుకున్న కొలతలు

స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు ఎడమ ముందు చక్రం దగ్గర దబ్బుమని శబ్దం వచ్చేది, బ్రేకు గట్టిగా వేస్తే ముక్కు బాగా కిందికి దిగేది. బానెట్ అంచు నొక్కి వదిలే పరీక్ష ఒక్కదానిని నమ్మి స్ట్రట్ పాడైందని తేల్చడం సరికాదు, ఎందుకంటే సగం అరిగిన స్ట్రట్ కూడా ఆ పరీక్షలో నిలబడిపోతుంది. నాకు నమ్మకం కలిగించినవి రెండు. ఎడమ స్ట్రట్ రబ్బరు బూటు చిరిగి, దాని కింది గొట్టం మీద ఆయిల్ కారి మట్టి ముద్దలా పేరుకుంది. సన్నని తడి మాత్రమే ఉంటే ఆందోళన పడనవసరం లేదు గాని, కారిన చారలు ఉంటే లోపలి సీలు పోయినట్టే. రెండవది టైరు. ఎడమ టైరు లోపలి అంచున చేయి తిప్పితే ఎత్తుపల్లాలు తగిలాయి, ఎత్తు దగ్గర గాడి లోతు 4.6 మి.మీ., పల్లం దగ్గర 3.1 మి.మీ. ఉంది.

విప్పకముందు రాసుకున్న అంకెలు ఇవి:

1. చక్రం మధ్య బిందువు నుంచి ఫెండరు అంచు దాకా ఎత్తు: ఎడమ 368 మి.మీ., కుడి 372 మి.మీ. నేల నుంచి కొలిస్తే టైరు అరుగుదల, గాలి తేడా కూడా అందులో కలిసిపోతాయి కనుక చక్రం మధ్య నుంచే కొలవాలి.
2. నొక్కి వదిలితే ఊగడం (ఫోన్లో నిదాన వీడియో తీసి లెక్కపెట్టినది): ఎడమ రెండున్నర ఊపులు, కుడి ఒకటిన్నర.
3. కాంబర్, అంటే చక్రం నిటారు నుంచి ఎంత వాలిందో, మైనస్ అంటే పైభాగం లోపలికి (రిమ్ముకు అల్యూమినియం బద్ద ఆనించి, దాని మీద ఫోన్ పెట్టి): ఎడమ మైనస్ 0.8 డిగ్రీ, కుడి మైనస్ 0.6 డిగ్రీ.
4. టో, అంటే ముందు చక్రాలు లోపలికో బయటికో ఎంత తిరిగి ఉన్నాయో: రెండు ముందు టైర్ల ముందు అంచుల మధ్య దూరం, వెనుక అంచుల మధ్య దూరం కన్నా 2 మి.మీ. తక్కువ.

మూడవ, నాల్గవ కొలతలు తీసుకోవడానికి అరగంట పట్టింది. చివరికి ఈ పనిలో నాకు ఎక్కువ అక్కరకు వచ్చినవి అవే.

కొన్నవి: స్ట్రట్‌ల జత రూ. 9,400, స్ట్రట్ పై కొసను బాడీకి పట్టి ఉంచే, బేరింగుతో సహా టాప్ మౌంట్‌ల జత రూ. 3,600, బంప్ స్టాపర్లు (స్ట్రట్ పూర్తిగా దిగినప్పుడు తాకిడిని ఆపే రబ్బరు ముక్కలు), బూట్లు కలిపి రూ. 1,100, యాక్సిల్ స్టాండ్ల జత రూ. 1,800, స్ప్రింగు కంప్రెసర్ రూ. 1,450, తుప్పు వదిలించే ఆయిల్ రూ. 320. పాత స్ప్రింగులనే వాడదలిచాను, పగుళ్ళు ఉంటే అప్పుడు చూడవచ్చు. బ్రేకు పైపును పట్టి ఉంచే బ్రాకెట్టు స్ట్రట్ గొట్టానికే అతికి ఉంటుంది కనుక ఎడమ, కుడి స్ట్రట్‌లు వేరు. డబ్బా తెరవగానే రెండింటినీ పక్కపక్కన పెట్టి, అవి ఒకే వైపువి కావని చూసుకోవాలి.

ఇప్పటివరకు: రూ. 17,670, 2 గంటలు.

దశ 2: ఎడమ స్ట్రట్ విప్పడం

వెనుక చక్రాలకు ముందూ వెనుకా చెక్కముక్కలు పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, ఈ వరుసలో విప్పాను:

1. చక్రాలు నేల మీద ఉండగానే చక్రం నట్లను పావు చుట్టు, బానెట్ కింద స్ట్రట్ మధ్యలో ఉన్న పెద్ద నట్టును అర చుట్టు వదులు చేయాలి. ఆ మధ్య నట్టును అంతకు మించి తిప్పకూడదు, స్ప్రింగు బిగువంతటినీ పట్టి ఉంచేది అదే.
2. జాకీతో లేపి, స్టాండ్ల మీద కూర్చోబెట్టి, బండిని రెండు చేతులతో గట్టిగా ఊపి చూసిన తరువాతే చక్రం తీయాలి.
3. స్ట్రట్‌కు బ్రేకు పైపును, ఏబీఎస్ వైరును పట్టి ఉంచిన బోల్టు తీయాలి.
4. స్టెబిలైజర్ లింకు (మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే కడ్డీని స్ట్రట్ కు కలిపేది) పై నట్టు విప్పాలి.
5. నకిల్‌ను స్ట్రట్‌కు కలిపే రెండు పెద్ద నట్లు విప్పాలి. నకిల్ అంటే చక్రం, బ్రేకు బిగించి ఉండే ఇనుప భాగం. ఒక బోల్టును చివరిదాకా లోపలే ఉంచాలి.
6. నకిల్‌ను ఇనుప తీగతో స్ప్రింగు వైపుకు కాకుండా బాడీ వైపుకు కట్టాలి.
7. బానెట్ కింద మూడు చిన్న నట్లు తీయాలి. మూడవది తీసేటప్పుడు రెండవ చెయ్యి స్ట్రట్ కింద ఉండాలి.

నాల్గవ మెట్టు దగ్గరే పని ఆగింది. లింకు నట్టు తిరుగుతుంటే దానితో పాటు లోపలి బాల్ జాయింటు కూడా తిరుగుతుంది, దానిని ఆపడానికి బోల్టు కొసన అలెన్ కీ పెట్టుకునే రంధ్రం ఇచ్చారు. ఆ రంధ్రం నిండా తుప్పు, మట్టి గట్టిపడి ఉన్నాయి. సరిగ్గా శుభ్రం చేయకుండా కీ పెట్టి తిప్పడంతో రంధ్రం మూలలు అరిగి గుండ్రమైపోయింది. గంటా ఇరవై నిమిషాలు పెనుగులాడి, చివరకు హ్యాక్‌సా బ్లేడుతో నట్టును కోశాను. కుడివైపు వచ్చేసరికి ముందు సన్నని సూదిలాంటి పనిముట్టుతో రంధ్రంలోని మట్టి గీకి, వైరు బ్రష్షుతో మరలు తోమి, ఆయిల్ పోసి రాత్రంతా వదిలేశాను, మరునాడు ఆ నట్టు నాలుగు నిమిషాల్లో వచ్చింది. ఒక లింకు కోయక తప్పలేదు కాబట్టి రెండు లింకులూ కొత్తవి వేశాను.

అయిదవ మెట్టు ఇంకా కష్టమైంది. కింది బోల్టుకు రెండు సాయంత్రాలు ఆయిల్ పెట్టి, మీటరు పొడవు ఇనుప గొట్టాన్ని పానాకు తొడిగి తిప్పితే నట్టు కదిలింది గాని, మరలను చీల్చుకుంటూ వచ్చింది. ఆటోనగర్‌లో ఒక దుకాణంలో అదే లావు బోల్టు ముప్పై రూపాయలకు ఇస్తామన్నారు. తీసుకోలేదు. చక్రం మోసే బరువు, బ్రేకు వేసినప్పటి తోపుడు, రెండూ ఈ రెండు బోల్టుల మీదే పడతాయి. పైగా నునుపుగా ఉండే నడుము భాగం కొలత కాస్త మారినా కాంబర్ మారిపోతుంది. కంపెనీ బోల్టులు, నట్లు నాలుగు జతలూ తెప్పించడానికి నాలుగు రోజులు పట్టింది, అన్నాళ్ళూ బండి స్టాండ్ల మీదే ఉంది. బండి మీదే ఆధారపడేవారు వాటిని ముందుగానే తెప్పించి పెట్టుకోవడం మంచిది.

ఆరవ మెట్టును ఎడమవైపు నేను మొదట చేయలేదు. రెండవ బోల్టు బయటికి రాగానే నకిల్ బయటికి వాలిపోయి బ్రేకు పైపు తీగలా బిగుసుకుంది. వెంటనే చేత్తో పట్టి లేపి తీగ కట్టాను. పైపును అంగుళం అంగుళం వంచి చూశాను, పగుళ్ళు లేవు. యాక్సిల్ లోపలి జాయింటు బూటు కూడా జారలేదు.

బయటికి తీసిన ఎడమ టాప్ మౌంట్‌లో రబ్బరుకు, ఇనుముకు మధ్య గోరు దూరేంత చీలిక ఉంది. బేరింగును వేళ్ళ మధ్య తిప్పితే ఇసుక నమిలినట్టు కరకరలాడింది.

ఇప్పటివరకు: లింకుల జత రూ. 1,900, బోల్టులు, నట్లు రూ. 1,160, బ్లేడ్లు రూ. 60 కలిపి రూ. 20,790. సమయం 8.5 గంటలు.

దశ 3: స్ప్రింగు

ఈ బండిలో ముందు చక్రం ఒక్కొక్కదాని మీద సుమారు మూడు వందల కిలోల బరువు ఉంటుంది, స్ప్రింగు దాచుకునే బలం ఆ మేరకు ఉంటుంది. కొన్న కంప్రెసర్‌లో రెండు పొడవు బోల్టులు, ఒక్కొక్క దానికి పైనా కిందా రెండేసి కొక్కేలు ఉన్నాయి. వాటిని ఎదురెదురుగా బిగించి, ఒకవైపు రెండు చుట్లు, మరోవైపు రెండు చుట్లు చొప్పున తిప్పుతూ వెళ్ళాలి. నేను ఒకవైపు అయిదారు చుట్లు ఎక్కువ తిప్పాను. స్ప్రింగు అరటిపండులా ఒక పక్కకు వంగింది, వంగిన పక్కన ఉన్న కొక్కెం తీగ మీద జారి పక్క చుట్టు మీదికి వెళ్ళి టప్పుమని ఆగింది. మధ్య నట్టు ఇంకా విప్పలేదు కాబట్టి ఏ ప్రమాదమూ జరగలేదు. రెండు బోల్టులనూ నెమ్మదిగా వెనక్కి తిప్పి, ఆ పనిముట్టును పక్కన పెట్టేశాను.

రెండు స్ట్రట్‌లనూ ఆటోనగర్‌లో గోడకు బిగించిన స్ప్రింగు ప్రెస్సు ఉన్న ఒక పెద్ద మేస్త్రి దగ్గరికి తీసుకువెళ్ళాను. బిగింపు మాత్రం నేనే చేసుకుంటానంటే ఒప్పుకున్నారు. నేను నట్టు మీదికి వంగి చూస్తుంటే ఆయన భుజం పట్టి పక్కకు లాగారు.

"ఎదురుగా ఉండకు బాబూ, పక్కకి జరుగు. స్ప్రింగు ఎప్పుడూ పైకే వస్తుంది."

"బిగువు పోయినట్టు ఎలా తెలుస్తుంది మేస్త్రి గారూ?"

"పై కప్పు పట్టుకుని తిప్పు. చేత్తో తిరిగిందంటే బిగువు లేనట్టే, అప్పుడు విప్పుకో."

ఈ పరీక్ష కంప్రెసర్ వాడే ప్రతివారికీ పనికివస్తుంది. స్ప్రింగు రెండు కొసలూ అవి కూర్చునే కప్పులను వదిలి, పై కప్పు చేతితో తేలికగా తిరిగే దాకా నట్టు జోలికి వెళ్ళకూడదు.

పాత స్ట్రట్‌లను విడిగా నిలబెట్టి పరీక్షించాను. కడ్డీని లోపలికి నొక్కి వదిలితే ఎడమది నొక్కినచోటే ఉండిపోయింది, నొక్కేటప్పుడు లోపల గాలి బుడగలు చప్‌చప్‌మన్నాయి. కుడిది 150 మి.మీ. పైకి రావడానికి 50 సెకన్లు తీసుకుంది. కొత్తవి రెండూ 8, 9 సెకన్లలో వచ్చాయి. వాటిలో గ్యాసు ఒత్తిడి ఉంటుంది కనుక వదిలితే తమంతట తామే పైకి వస్తాయి. కొత్త వాటిని నిటారుగా పట్టుకుని అయిదారుసార్లు పూర్తిగా నొక్కి లేపిన తరువాతే స్ప్రింగు ఎక్కించాను. మెరిసే కడ్డీని ఏ కారణంతోనూ ప్లయరుతో పట్టకూడదు, దాని మీద వెంట్రుకంత గీత పడినా సీలును అది కోసేస్తుంది.

స్ప్రింగులను కడిగి, వైరు బ్రష్షుతో తోమి, పగుళ్ళు లేవని చూసుకుని తిరిగి వాడాను. పై కప్పు మీద బయటి వైపుకు తిరగవలసిన గుర్తు ఉంటుంది, దానిని నకిల్ బ్రాకెట్టుకు సరిచూసి పెట్టాను. నా దృష్టి అంతా ఆ గుర్తు మీదే నిలిచింది. దాని పర్యవసానం అయిదవ దశలో వస్తుంది.

ఇప్పటివరకు: మేస్త్రికి రూ. 400 కలిపి రూ. 21,190. సమయం 11.5 గంటలు.

దశ 4: బిగింపు

వర్క్‌షాప్ మాన్యువల్‌లో ఈ తరం కొరోలాకు ఇచ్చిన బిగువులు: స్ట్రట్ పైన మూడు నట్లు 39 న్యూటన్ మీటర్లు, మధ్య నట్టు 47, స్టెబిలైజర్ లింకు 74, నకిల్ బోల్టుల నట్లు 153, చక్రం నట్లు 103.

నా టార్క్ రించి (కావలసిన బిగువు దగ్గర క్లిక్కుమనే పానా) అర అంగుళానిది, 40 నుంచి 210 వరకు. పై నట్లకు కావలసిన 39 దాని పరిధిలోనే లేదు. 40 దగ్గర పెట్టి బిగిస్తే ఎప్పుడు క్లిక్కుమన్నదో తెలియనే లేదు. ఏ రించి అయినా దాని కింది కొసన నమ్మదగినది కాదు. మా బావమరిది దగ్గర 20 నుంచి 110 దాకా వెళ్ళే చిన్న రించి అరువు తెచ్చి, పై నట్లను, మధ్య నట్టును, లింకులను దానితో బిగించాను. మధ్య నట్టును చివరగా, స్ట్రట్ బండిలో కూర్చున్న తరువాత బిగించి, బేరింగు మీద గ్రీజు పెట్టి మూత వేశాను.

విప్పేటప్పుడు నకిల్ ఎక్కడ కూర్చుని ఉందో పాత స్ట్రట్ బ్రాకెట్టు మీద సూదితో గీత గీసుకున్నాను. బిగించే సమయానికి ఆ గీత వల్ల ప్రయోజనం లేదని అర్థమైంది, ఎందుకంటే కొత్త స్ట్రట్ మీద ఆ గీత ఉండదు. బోల్టుకు, రంధ్రానికి మధ్య అర మిల్లీమీటరు ఖాళీయే ఉన్నా, రెండు బోల్టుల మధ్య దూరం సుమారు 60 మి.మీ. కాబట్టి కాంబర్ దాదాపు అర డిగ్రీ మారగలదు. అందుకే నకిల్ పైభాగాన్ని లోపలికి నెట్టి పట్టుకుని రెండు నట్లనూ చేతి బిగువుకు తెచ్చి, ఆ తరువాతే 153కు బిగించాను. ఈ జాగ్రత్త కుడివైపు మాత్రమే తీసుకున్నాను, ఎడమవైపు అప్పటికే బిగించేశాను.

ఇప్పటివరకు: రూ. 21,190, 16.5 గంటలు.

దశ 5: ఎడమవైపు మళ్ళీ

జాకీ దింపగానే ఎత్తు కొలవకూడదు. చక్రాలు గాలిలో వేలాడినప్పుడు లోపలికి ముడుచుకుంటాయి, నేలకు ఆనినా టైరు పట్టు వల్ల వెంటనే విచ్చుకోవు. రెండు కిలోమీటర్లు నడిపి వచ్చి కొలిస్తే ఎడమ 384 మి.మీ., కుడి 375 మి.మీ. వచ్చింది. కొత్త స్ట్రట్‌లలోని గ్యాసు వల్ల మూడు నాలుగు మిల్లీమీటర్లు లేవడం సహజం, కుడివైపు అంతే లేచింది. ఎడమవైపు మాత్రం 16 మి.మీ. లేచింది. స్టీరింగు పూర్తిగా తిప్పితే ఎడమ నుంచి టంగుమని ఒక శబ్దం కూడా మొదలైంది.

చక్రం తీసి, టార్చిలైటు వేసి స్ట్రట్ కింది కప్పులోకి చూశాను. కింది కప్పులో స్ప్రింగు తీగ కొస కూర్చోవడానికి ఒక పల్లం, ఆ పల్లం చివర కొసను ఆపడానికి ఒక మెట్టు ఉంటాయి. తీగ కొస ఆ మెట్టుకు ముందు ఆగకుండా మెట్టు మీదికెక్కి కూర్చుంది. కప్పు మీది కొత్త నల్ల రంగు ఆ చోట అప్పుడే లేచిపోయి, ఇనుము తెల్లగా వేలిగోరంత మేర మెరుస్తోంది. ప్రెస్సు వదులుతున్నప్పుడు నేను పై గుర్తు వైపే చూస్తూ కూర్చున్నాను, కింద స్ప్రింగు పావు చుట్టు తిరిగిపోయింది. స్టీరింగు తిప్పినప్పుడల్లా ఆ కొస మెట్టు మీద కదిలి టంగుమంటోంది.

మళ్ళీ విప్పి, మేస్త్రి ప్రెస్సు మీదే సరిచేశాను. ఈసారి పాటించిన వరుస:

1. ముందుగా తీగ కొసను కింది మెట్టుకు ముందు ఉంచి, అక్కడ సుద్దతో గీత గీయాలి.
2. తరువాత పై కప్పు గుర్తును సరిచూడాలి.
3. ప్రెస్సును నాలుగైదు విడతలుగా వదులుతూ, ప్రతి విడతలోనూ కింది గీతనే చూడాలి.
4. పూర్తిగా వదిలాక కొసకు, మెట్టుకు మధ్య ఖాళీని కొలిచి రాసుకోవాలి. నాకు ఎడమ 4 మి.మీ. వచ్చింది, కుడివైపు టార్చి వేసి కొలిస్తే 5 మి.మీ. ఉంది.

బిగించేటప్పుడు ఎడమ నకిల్‌ను కూడా ఈసారి లోపలికి నెట్టి పట్టి బిగించాను. రెండు కిలోమీటర్ల తరువాత ఎత్తు ఎడమ 376, కుడి 375. టంగు శబ్దం లేదు. నొక్కి వదిలితే రెండువైపులా ఒక్క ఊపుతో ఆగుతోంది.

ఇప్పటివరకు: మేస్త్రికి మరో రూ. 200 కలిపి రూ. 21,390. సమయం 20 గంటలు.

దశ 6: కాంబర్, టో

ఎడమవైపు మొదటి బిగింపు తరువాత కాంబర్ మైనస్ 0.2, టో 5 మి.మీ. బయటికి వచ్చింది. రెండవ బిగింపు తరువాత ఎడమ కాంబర్ మైనస్ 0.7, కుడి మైనస్ 0.6, టో 1 మి.మీ. బయటికి. కాంబర్ మారితే టో కూడా మారుతుందన్నది ఈ రెండు వరుసల్లో కనిపిస్తుంది. నకిల్ పైభాగం బయటికి వాలినప్పుడు వెనుక ఉన్న, స్టీరింగు నుంచి వచ్చే టై రాడ్డు దానితో రాదు కనుక చక్రం ముందు అంచు బయటికి తిరుగుతుంది. స్ట్రట్ మార్చిన బండిని, చక్రాల కోణాలు సరిచేసే అలైన్‌మెంట్ చేయించకుండా తిప్పితే కొత్త టైర్లు కొన్ని వేల కిలోమీటర్లలో అరిగిపోవడానికి ఇదే కారణం.

అలైన్‌మెంట్ దుకాణంలో నా కాంబర్ అంకెలకు, యంత్రం అంకెలకు తేడా 0.2 డిగ్రీకి మించలేదు. టో సరిచేశారు. ఖర్చు రూ. 700.

ఇప్పటివరకు: రూ. 22,090, 21.5 గంటలు.

500 కిలోమీటర్ల తరువాత

అన్ని నట్లనూ అవే అంకెలకు మళ్ళీ తనిఖీ చేశాను. ఎడమ లింకు నట్టు కొద్దిగా తిరిగింది, మిగిలినవి కదలలేదు. ఎత్తు రెండువైపులా 374. కింది గీత దగ్గర రంగు లేవలేదు. స్పీడ్ బ్రేకర్ దగ్గర దబ్బుమనడం పూర్తిగా పోయింది. ఆ శబ్దంలో స్ట్రట్ వాటా ఎంతో, చీలిన మౌంట్ వాటా ఎంతో విడదీసి చెప్పడానికి లేదు, రెండూ ఒకేసారి మార్చాను.

బయట మేస్త్రీలు ఈ పనికి అడిగిన కూలి రూ. 3,500. నేను పనిముట్లకే రూ. 3,570 పెట్టాను, అందులో రూ. 1,450 కంప్రెసర్ వాడకుండా మూల పడి ఉంది. కూలి ఆదా కోసం ఈ పని మొదలుపెట్టేవారు ఈ రెండు అంకెలూ చూసుకోవాలి.

మొత్తం: రూ. 22,090, 22 గంటలు. ఎడమ టైరు మీది పాత ఎత్తుపల్లాల వల్ల గంటకు 60 కిలోమీటర్ల వేగం దగ్గర హోరు ఇంకా ఉంది. ఆ టైరును వెనక్కి మార్చాను, అయిదు వేల కిలోమీటర్ల దగ్గర గాడి లోతు మళ్ళీ కొలిచి ఇక్కడే రాస్తాను.